గని గాలిని తూచే లెక్క

బొగ్గు గనిలో దుమ్మును మిల్లీగ్రాముల్లో తూస్తారు. ఒక ఘనపు మీటరు గాలిలో, ఊపిరితిత్తి అడుగుదాకా దిగగల సన్నని దుమ్ము ఎంత బరువుందో చూసి, ఆ చోట మనిషి ఎనిమిది గంటలు పనిచేయవచ్చో లేదో తేలుస్తారు. ఈ లెక్క నికరంగా సాగిన గనిలో కార్మికుడు రిటైరయ్యాక కూడా ఆయాసపడకుండా నాలుగు మెట్లు ఎక్కగలడు. లెక్క తప్పిన చోట ఆ తప్పు వెంటనే తెలియదు. పదేళ్లకో ఇరవై ఏళ్లకో ఎక్స్‌రేలో మచ్చలుగా బయటపడుతుంది. అప్పటికి దిద్దుకోవడానికి ఏమీ మిగలదు.

తెలుగునాట బొగ్గు అంటే సింగరేణి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు పొరల్ని గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకం హక్కులు దక్కాయి. 1889లో బొగ్గు తీయడం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. కింగ్ కొలువు చేసిన ఆ సర్వే సంస్థకు దక్షిణ ప్రాంత కార్యాలయం ఇప్పుడు హైదరాబాద్‌లో ఎల్బీ నగర్‌కు దగ్గర్లోనే, నాగోలు పక్కన బండ్లగూడలో ఉంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ మీదుగా వెళ్లే విజయవాడ రోడ్డునే పట్టుకుని ఖమ్మం, కొత్తగూడెం బస్సులు సూర్యాపేట దాకా పోతాయి. కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు పిల్లలకు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ హాస్టళ్లు కొత్త కాదు. అందుకే గని లోపలి గాలి సంగతి ఈ వైపు హైదరాబాద్ వాసులకు మరీ పరాయిది కాదు.

బొగ్గు బాయిలో దుమ్ము లేచే చోట్లు అనేకం. బొగ్గు గోడకు రంధ్రం వేసినప్పుడు, మందు పేల్చినప్పుడు, రాలిన బొగ్గును ఎత్తినప్పుడు, ఒక బెల్టు మీంచి ఇంకో బెల్టు మీద పడేసినప్పుడు లేస్తుంది. తట్టా చెమ్మస్, అంటే తట్టా పారల కాలంలో ఫిల్లర్లు బొగ్గును చేత్తో ఎత్తి టబ్బులు నింపేవారు. తర్వాత బొగ్గును ఎత్తిపోసే ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు వచ్చాయి. కొన్ని గనుల్లో బొగ్గును ఆగకుండా కోసే కంటిన్యువస్ మైనర్లు, సింగరేణి ఆడ్రియాల గనిలో లాంగ్‌వాల్ యంత్రం వచ్చాయి. నడుం విరిగే చాకిరీ తగ్గింది, అది మేలే. అయితే యంత్రపు పళ్లు బొగ్గును కోసే వేగం పెరిగిన కొద్దీ సన్నని దుమ్ము కూడా పెరుగుతుంది. దాన్ని అక్కడికక్కడే అణచకపోతే యంత్రం నడిపేవాడు, గాలి పోయే దిశలో అతని వెనుక నిలబడ్డవాడు ఇద్దరూ దాన్ని పీల్చక తప్పదు.

నేడు సింగరేణి బొగ్గులో అధిక భాగం ఓపెన్‌కాస్ట్ గనుల నుంచి వస్తోంది. ఆరుబయట పని కాబట్టి దుమ్ము గాలికి కొట్టుకుపోతుందనుకోవడం పొరపాటు. గోదావరి లోయలో బొగ్గు పొరల పైన, నడుమ ఇసుకరాయి ఉంటుంది. అందులో క్వార్ట్జ్, అంటే స్ఫటిక రూపంలోని సిలికా ఉంటుంది. ఓబీ అని పిలిచే ఆ పైమట్టిలో, రాతిలో డ్రిల్లు దించే మనిషి పీల్చేది బొగ్గు పొడి కాదు, రాతి పొడి. ఊపిరితిత్తికి బొగ్గు కంటే సిలికా ఎక్కువ చేటు. డంపర్లు తిరిగే మట్టిరోడ్లు, బొగ్గును చిదిపి రైలు వ్యాగన్లకు పంపే సీహెచ్‌పీలు కూడా ఈ లెక్కలోకి వస్తాయి.

కంటికి మబ్బులా కనిపించే దుమ్ము అంత ప్రమాదకరం కాదు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 10 మైక్రాన్లు దాటిన రేణువులు చాలావరకు ముక్కులో, గొంతులో చిక్కుకుని చీమిడితో, తెమడతో బయటికి వచ్చేస్తాయి. షిఫ్టు దిగిన కార్మికుడు నల్లగా ఉమ్మేది ఇదే. 5 మైక్రాన్ల కంటే చిన్న రేణువులు మాత్రం గాలిగదుల దాకా వెళ్తాయి. అక్కడ కాపలా ఉండే కణాలు వాటిని మింగుతాయి. రోజూ మింగవలసిన బరువు వాటి శక్తికి మించితే కొన్ని చచ్చిపోయి, వాపు పుట్టించే పదార్థాలను విడిచిపెడతాయి. ఆ చుట్టూ మచ్చకట్టిన కణజాలం పెరుగుతుంది. దీనికే బొగ్గు కార్మికుల న్యుమోకోనియోసిస్ అని పేరు. తొలి దశలో మనిషికి ఏ బాధా ఉండకపోవచ్చు. కొందరిలో చిన్న మచ్చలు కలిసి పెద్ద గడ్డలుగా మారతాయి. ఆ దశ వచ్చాక గని వదిలిపెట్టినా జబ్బు ముదురుతూనే ఉండవచ్చు. మచ్చను కరిగించే మందు లేదు. అదే దుమ్ము దీర్ఘకాలిక బ్రాంకైటిస్‌కు, ఎంఫసీమాకు కూడా దారితీస్తుంది. సిలికా తోడైతే క్షయ సోకే ముప్పు పెరుగుతుంది. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం సిలికా దుమ్ముతో వచ్చే సిలికోసిస్‌లోనూ, క్షయలోనూ కనిపిస్తాయి కాబట్టి సిలికోసిస్ రోగిని ఉత్త క్షయ రోగిగా లెక్కవేసి మందులు ఇచ్చి పంపిన సందర్భాలు భారతదేశంలో తక్కువేమీ కాదు.

దుమ్మును కొలవడం ఎలాగన్నది తేలడానికి అర్ధ శతాబ్దం పట్టింది. మొదట్లో రేణువుల్ని లెక్కపెట్టేవారు. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో వాడుకలోకి వచ్చిన కోనిమీటర్ అనే పరికరం కొద్దిపాటి గాలిని జిగురు పూసిన గాజుపలక మీదికి చిమ్మేది. పలక మీద అంటుకున్న చుక్కల్ని మైక్రోస్కోపులో ఎంచేవారు. ఆ ఒక్క క్షణంలో గాలి ఎలా ఉందో చెప్పేది గానీ, షిఫ్టు మొత్తంలో మనిషి ఎంత పీల్చాడో చెప్పేది కాదు. 1945లో వేల్స్‌లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి న్యుమోకోనియోసిస్ పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పింది. వైద్యంలో సాక్ష్యాన్ని జల్లెడ పట్టే పద్ధతికి పేరుగా నిలిచిన ఆర్చీ కోక్రేన్ తొలినాళ్లలో పనిచేసింది ఇక్కడే. రాండా లోయలో బొగ్గు కార్మికుల ఇళ్లకు వెళ్లి, వారికి ఎక్స్‌రేలు తీయించి లెక్కలు కట్టాడు. 1950ల్లో మొదలుపెట్టి బ్రిటన్ జాతీయ బొగ్గు బోర్డు అనేక గనుల్లో దుమ్మును, అక్కడి కార్మికుల ఎక్స్‌రేలను ఏళ్ల తరబడి పక్కపక్కన పెట్టి చూసింది. జబ్బుకు దగ్గరి సంబంధం ఉన్నది రేణువుల సంఖ్యతో కాదు, లోపలికి చేరిన సన్న దుమ్ము బరువుతో అని తేలింది. ఏ రేణువును లోపలికి చేరేదిగా లెక్కించాలో 1959లో జొహన్నెస్‌బర్గ్‌లో జరిగిన సమావేశం ఖరారు చేసింది. తూకం పద్ధతికి పునాది ఇదే.

ఆ పద్ధతి చూడటానికి తేలిక. కార్మికుడి నడుముకు బ్యాటరీ పంపు కడతారు. దానికి గొట్టం తగిలించి, రెండో కొసను అతని చొక్కా కాలరు దగ్గర, ముక్కుకు జానెడు దూరంలో పెడతారు. ఆ కొసలో సైక్లోన్ అనే చిన్న గొట్టం ఉంటుంది. గాలి అందులో గిరగిర తిరిగేసరికి ముతక దుమ్ము కిందికి రాలిపోతుంది, సన్నది మాత్రం పైనున్న ఫిల్టరు మీద పడుతుంది. పంపు నిమిషానికి 2.2 లీటర్ల చొప్పున 480 నిమిషాలు నడిస్తే 1,056 లీటర్ల గాలి, అంటే దాదాపు ఒక ఘనపు మీటరు లాగుతుంది. షిఫ్టుకు ముందు, తర్వాత ఫిల్టరును తూస్తే తేడా 2.1 మిల్లీగ్రాములు వచ్చిందనుకుందాం. అప్పుడు ఆ రోజు అతను పీల్చిన గాలిలో సగటున ఘనపు మీటరుకు 2 మిల్లీగ్రాముల దుమ్ము ఉన్నట్టు. తూచే తరాజు మిల్లీగ్రాములో వెయ్యో వంతు తేడాను కూడా పట్టాలి. ఫిల్టరుకు చెమ్మ తగిలితే బరువు మారిపోతుంది కాబట్టి తూచే ముందు దాన్ని ఆరబెడతారు. దుమ్ము పట్టించని ఒక ఖాళీ ఫిల్టరును కూడా పక్కన తూచి సరిచూసుకుంటారు. ఆ తర్వాత అదే దుమ్మును ప్రయోగశాలలో పరీక్షించి అందులో సిలికా ఎంత శాతమో తేలుస్తారు. ఈ రెండో అంకె లేకుండా మొదటి అంకెకు అర్థం లేదు.

ఎందుకంటే హద్దు ఆ సిలికా శాతాన్నిబట్టే మారుతుంది. భారతదేశంలో 1957 బొగ్గు గనుల నియమావళి కింద దశాబ్దాల పాటు నడిచిన సూత్రం ఇది: దుమ్ములో సిలికా 5 శాతం మించకపోతే ఎనిమిది గంటల సగటు ఘనపు మీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు మించి సిలికా ఉంటే 15ను ఆ శాతంతో భాగించాలి. సిలికా 10 శాతమైతే హద్దు ఒకటిన్నర మిల్లీగ్రాములకు, 20 శాతమైతే ముప్పావు మిల్లీగ్రాముకు దిగుతుంది. ఒకే బరువు దుమ్ము బొగ్గు కోసే ఫేసు దగ్గర చట్టానికి లోబడి ఉండి, ఇసుకరాయిలో డ్రిల్లు దించేచోట రెండింతలు దాటిపోవచ్చు. కొలత ఎంత తరచుగా తీయాలో కూడా ఆ నియమాలే చెప్పాయి. మామూలుగా ఆరు నెలలకోసారి తీయాలి. హద్దులో సగం దాటితే మూడు నెలలకోసారి, ముప్పావు వంతు దాటితే నెలకోసారి తీయాలి. ప్రమాదం దగ్గరపడే కొద్దీ చూపు పదునెక్కాలన్న ఈ ఏర్పాటు చాలా తెలివైనది. 1957 నియమావళి స్థానంలో 2017లో కొత్త నియమావళి వచ్చింది. వీటి అమలు చూసేది ధన్‌బాద్ కేంద్రంగా పనిచేసే గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్, అందరూ పిలిచే పేరు డీజీఎంఎస్. దీని మూలం 1902లో ఉంది. హైదరాబాద్‌లోనూ దీనికి కార్యాలయం ఉంది.

నగరంలో గాలి నాణ్యత బోర్డులు చూసే అలవాటున్నవారికి ఒక పోలిక పనికొస్తుంది. 2009 జాతీయ ప్రమాణాల ప్రకారం బయటి గాలిలో పీఎం 10 దుమ్ము రోజు సగటు 100 మైక్రోగ్రాములు దాటరాదు. మిల్లీగ్రాముల్లో చెబితే అది 0.1. 1957 నియమావళి గనిలో ఒప్పుకున్న 3 మిల్లీగ్రాములంటే దానికి 30 రెట్లు. రెండు కొలతల్లో రేణువుల పరిమాణం ఒకటే కాదు కాబట్టి దీన్ని అచ్చంగా అంకెకు అంకెగా తీసుకోకూడదు. నగరపు హద్దు పసిపిల్లలు, ముసలివాళ్లు, ఉబ్బస రోగులు రోజంతా పీల్చే గాలికి పెట్టింది. గని హద్దు ఆరోగ్యంగా ఉన్న వయోజనుడు ఒక షిఫ్టు పీల్చే గాలికి పెట్టింది. అయినా ఎల్బీ నగర్ చౌరస్తాలో సిగ్నల్ పడ్డప్పుడు ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకునే మనిషికి, చట్టం ఒప్పుకున్న గాలి కూడా ఎంత బరువైనదో ఈ పోలికతో కొంత తెలుస్తుంది.

హద్దు కాగితం మీద ఎంత కచ్చితంగా ఉన్నా, వచ్చే అంకె మాత్రం పరికరం ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి తగిలించారన్నదాని మీద ఆధారపడుతుంది. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. గనిలోకి వచ్చే తాజాగాలి వైపు వేలాడదీస్తే తక్కువ చూపుతుంది, ఫేసు దాటి తిరిగిపోయే గాలి వైపు పెడితే ఎక్కువ చూపుతుంది. ఉత్పత్తి మందగించిన రోజు కొలిస్తే అంకె ముద్దుగా కనిపిస్తుంది. పంపు బ్యాటరీ నీరసించి గాలి తక్కువ లాగితే అంకె తగ్గుతుంది. పని చూసే సర్దారుకు తగిలించిన పరికరం పైకప్పుకు దన్ను కట్టే సపోర్టుమన్ ఊపిరి గురించి చెప్పదు. పైగా సగటు అన్నది ఎనిమిది గంటలకు కట్టింది. ఓవర్‌టైం చేసినవాడు, రెట్టింపు కూలి కోసం ప్లేడే, అంటే వారపు సెలవు రోజున పనికి వెళ్లినవాడు అదే గాలిని మరిన్ని గంటలు పీలుస్తాడు. బరువులు మోసే మనిషి కూర్చుని మీటలు తిప్పే మనిషి కంటే నిమిషానికి ఎక్కువ గాలి లాగుతాడు. ఇవేవీ ఫిల్టరు మీద కనిపించవు. కాబట్టి ఒక్క అంకె చూసి గని భద్రమనడం తొందరపాటు. వరుసగా వచ్చిన అంకెలు ఎటు పోతున్నాయో చూడాలి.

కొలతలో మోసం జరిగితే ఏమవుతుందో అమెరికా చరిత్ర చెబుతుంది. 1968 నవంబరులో ఫార్మింగ్టన్ గని పేలుడులో 78 మంది చనిపోయాక, 1969లో అక్కడ బొగ్గు గనుల చట్టం వచ్చింది. దుమ్ముకు మొదట 3, తర్వాత 2 మిల్లీగ్రాముల హద్దు పడింది. నమూనాలు పంపే పని మాత్రం గనుల యాజమాన్యాల చేతిలోనే ఉండిపోయింది. 1990ల మొదట్లో ఫిల్టర్ల మధ్యభాగంలో దుమ్ము ఊదేసినట్టు తెల్లటి మచ్చలు బయటపడి పెద్ద వివాదమైంది. ఆ తర్వాతి తరంలో జబ్బు తిరిగి విజృంభించింది. 2018లో అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం 2013 నుంచి 2017 వరకు వర్జీనియా నైరుతి భాగంలోని మూడే మూడు క్లినిక్‌లలో 416 మంది బొగ్గు కార్మికులకు ముదిరిన దశ బయటపడింది. 2016 నాటికి హద్దును ఒకటిన్నర మిల్లీగ్రాములకు దించారు. కార్మికుడు నడుముకు కట్టుకుంటే అప్పటికప్పుడు అంకె చూపే పరికరాన్ని తప్పనిసరి చేశారు. అందులో ఒక బోలు గొట్టం నిరంతరం కంపిస్తుంటుంది. దాని కొసనున్న ఫిల్టరు మీద దుమ్ము పడి బరువెక్కే కొద్దీ కంపన వేగం తగ్గుతుంది. ఆ తేడాను దుమ్ము బరువుగా మార్చి తెర మీద చూపుతుంది. షిఫ్టు మధ్యలోనే అంకె పెరుగుతోందని తెలిస్తే మనిషి నిలబడే చోటు మార్చుకోవచ్చు, నీటి జల్లు సరిచేయించవచ్చు. నెల తర్వాత ప్రయోగశాల నుంచి వచ్చే కాగితం ఈ పని చేయలేదు.

దుమ్మును కొలవడంతో పాటు మనిషిని కూడా పరీక్షించాలి. 1955 గనుల నిబంధనల ప్రకారం ఉద్యోగంలో చేరేటప్పుడు, ఆపై అయిదేళ్లకోసారి వైద్య పరీక్ష ఉంటుంది. అందులో ఛాతీ ఎక్స్‌రే ముఖ్యం. ఎక్స్‌రేలోని మచ్చల్ని చదవడానికి అంతర్జాతీయ కార్మిక సంస్థ తయారుచేసిన పద్ధతి ఉంది. నమూనా ఫిల్ములు పక్కన పెట్టుకుని, మచ్చల పరిమాణాన్ని గుర్తిస్తారు, అవి ఎంత దట్టంగా ఉన్నాయో పన్నెండు మెట్ల కొలబద్ద మీద కొలుస్తారు. దీనికి ప్రత్యేక శిక్షణ కావాలి. ఆ శిక్షణ లేకపోతే ఏమవుతుందో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ చూపింది. మూడు దశాబ్దాలుగా అక్కడ ఈ జబ్బే లేదనుకున్నారు. 2015లో కేసులు బయటపడ్డాయి. మోనాష్ యూనివర్సిటీ నిపుణులు పాత ఎక్స్‌రేలు తిరగేస్తే, చాలా ఫిల్ములను సరిగా చదవలేదని తేలింది. జబ్బు ఎక్కడికీ పోలేదు, చూసే కన్ను పోయింది. ఎక్స్‌రే ఎంత బాగా చదివినా అది చెప్పేది పాత అప్పు సంగతే. నేటి గాలి సంగతి చెప్పేది ఫిల్టరు తూకమే. ఎక్స్‌రేలో మచ్చ కనపడిందాకా ఆగే విధానాన్ని పర్యవేక్షణ అనలేం.

అంకె హద్దు దాటినప్పుడు చేయాల్సినవి అందరికీ తెలిసినవే. తడి డ్రిల్లింగ్, కోసే పళ్ల దగ్గరే నీటి జల్లు, ఫేసు దాకా చేరే చాలినంత గాలి, ఓపెన్‌కాస్ట్‌లో తలుపులు మూసి ఉండే ఏసీ క్యాబిన్లు, రోడ్ల మీద ట్యాంకర్లు, సీహెచ్‌పీలో మంచుతుంపరలా నీరు చిమ్మే ఫిరంగులు. మాస్కు ఆఖరి అస్త్రం. ముఖానికి బిగుతుగా అతకని మాస్కు, ఉక్కపోతకు మెడకు జారిన మాస్కు దుమ్మును ఆపవు. గనిలో ఒంటరి కార్మికుడి చేతిలో ఉన్నది మాస్కు మాత్రమే. మిగతావన్నీ యాజమాన్యం చేతిలో ఉన్నవి. మట్టి తొలగింపు పనులు కాంట్రాక్టర్లకు వెళ్లిన చోట చిక్కు మరింత పెరుగుతుంది. ఏడాదికో కంపెనీ మారే డ్రిల్లు ఆపరేటర్ పీల్చిన దుమ్ము చిట్టా ఏ ఒక్క రిజిస్టరులోనూ పూర్తిగా దొరకదు.

ఇదే రాతి దుమ్ము ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ కాలనీల్లోనూ లేస్తుంది. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైటు, అందులోనూ క్వార్ట్జ్ దండిగా ఉంటుంది. అపార్టుమెంటు సెల్లారు కోసం బండను పొడిచే మనిషి, ఫ్లోరింగు రాయిని పొడిగా కోసే మనిషి నీళ్లు చల్లకుండా పనిచేస్తే పీల్చేది సిలికానే. దుమ్ములో సిలికా 25 శాతం ఉందనుకుని 1957 నాటి గని సూత్రం వేస్తే హద్దు 0.6 మిల్లీగ్రాముకు దిగుతుంది. కానీ సెల్లారు గుంతను గనిగా లెక్కించరు. ఆ కూలీ కాలరుకు పంపు తగిలించి తూచేవారు ఎవరూ కనిపించరు. గనిలో దుమ్మును తూచడానికి చట్టం, పరికరం, ఇన్‌స్పెక్టరు ఉన్నాయి. నగరం నడిబొడ్డున జరిగే పనిలో ఆ తూకం కనిపించకపోవడం సిగ్గుపడవలసిన విషయం.

సిలికోసిస్, న్యుమోకోనియోసిస్ రెండూ ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బులు. 1952 గనుల చట్టం 25వ సెక్షన్ ఈ బాధ్యతను యాజమాన్యం మీదే కాదు, వైద్యుడి మీద కూడా పెట్టింది. గనిలో పనిచేస్తున్న, లేదా ఒకప్పుడు పనిచేసిన మనిషికి ఈ జబ్బు ఉందని అనుమానం వచ్చినా వైద్యుడు గనుల తనిఖీ అధికారికి రాయాలి. గనుల చట్టాన్ని తనలో కలుపుకున్న 2020 వృత్తి భద్రత కోడ్‌లోనూ ఈ నియమం ఉంది. బొగ్గు బాయి ఎక్కడో గోదావరి ఒడ్డున ఉన్నా, రిటైరైన కార్మికుడు పిల్లల దగ్గర దిల్‌సుఖ్‌నగర్‌లోనో వనస్థలిపురంలోనో ఉంటాడు. ఆయాసంతో ఆయన మొదట వెళ్లేది పక్క వీధి క్లినిక్‌కు. అక్కడి డాక్టరు దగ్గు మందు రాసేముందు, ఇంతకు ముందు ఏం పని చేసేవారు, ఎన్నేళ్లు చేశారు అని అడగాలి. ఇంట్లోవాళ్లు పాత ఎక్స్‌రే ఫిల్ములు పారేయకుండా దాచాలి. ఏ గనిలో, ఏ పనిలో, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా చేశారో ఒక కాగితం మీద రాసి వాటితో కలిపి పెట్టాలి. ఇప్పుడు డ్యూటీలో ఉన్నవారు తమ పనిచోట చివరిసారి దుమ్ము ఎప్పుడు తూచారో, అంకె ఎంత వచ్చిందో, సిలికా ఎంత శాతమో మేనేజరునో, కార్మికుల తరఫున తనిఖీ చేసే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టరునో, భద్రతా కమిటీ సభ్యులనో అడిగి రాసుకోవాలి.